గోడ అవతల బతికే ఉన్నాడు

ఆ ఏడాది మాకు పండుగల్లేవు. మా ఆయన పోయి ఇంకా సంవత్సరం తిరగలేదు కాబట్టి ఉగాది పచ్చడి కలపలేదు, గడపకు మామిడాకు కట్టలేదు. కానీ గోడకు మైల ఉండదు కదా! పొద్దున్నే స్నానం చేసి పెరట్లోకి పోయి, వానాకాలం నుంచీ గోడ తూములో కుక్కి ఉన్న గుడ్డ ముద్దను లాగేశాను. అవతలి సందులోంచి వేడిగాలి, ఆటోల మోత, ఎవరిదో దగ్గు లోపలికొచ్చాయి.

నాంపల్లి ఒకప్పుడు పట్నం బయటి ఊరు. ఆ ఊరి చుట్టూ ఉన్న గోడలో మిగిలిన ముక్క ఒకటి మా పెరటికీ వెనక సందుకూ మధ్య నిలబడి ఉంది. రాయీ సున్నమూ, చెయ్యి చాపినంత మందం. ఉస్మాన్‌గంజ్ గింజల వ్యాపారులు బస్తాకింత అని ధర్మాదా తీసి, ఆ గోడకు తూము తొలిపించి, లోపలి వైపు రాతి తొట్టి కట్టించారట. మా ఆయన ముత్తాత వాళ్ల దగ్గర గుమాస్తా. జీతంతో పాటు ఈ పని కూడా ఆయనకు అంటగట్టారు. అప్పటి నుంచి ఉగాదికి తెరవడం, మృగశిర కార్తెకు మూయడం మా ఇంటి వంతు.

రంజన్లలోంచి, అంటే పెద్ద మట్టి కుండల్లోంచి, చెంబుతో ముంచి తొట్టిలో పోస్తే, నీళ్లు గోడలోంచి పోయి అవతల దోసిలి పట్టినవాళ్ల చేతుల్లో పడతాయి. వంగి చూస్తే మనకు ఆ చేతులు కనిపిస్తాయి, అంతే. వాళ్లకు మనం అసలే కనిపించం. ఇచ్చేవాడికి గర్వం రాకూడదని అలా కట్టారని మా ఇంట్లో చెప్పుకుంటారు. తక్కువ కులాలవాళ్ల నీడ మీద పడకూడదని కట్టారని సందులో చెప్పుకుంటారు. నన్నడిగితే రెండోదే నిజం, మొదటిది తర్వాత సిగ్గుపడి కల్పించుకున్నది.

రంజన్లు కడుగుతుంటే మా అమ్మాయి రశ్మి బషీర్‌బాగ్‌లోని ఆఫీసుకు తయారై వచ్చి పక్కన నిలబడింది.

"మమ్మీ, సందులో ఒక కూలర్ పెట్టిస్తే అయిపోతది కదా. డాడీ ఉన్నప్పుడంటే ఏమో గానీ, నీకెందుకీ కష్టం?"

"నీకు చెవులున్నయా, కిరాయికిచ్చినవా? కష్టమని నేనన్ననా?"

ఆ మాట నా నోట్లో ఊతపదం. బళ్లో పిల్లల్ని అన్నాను, ఇంట్లో మా ఆయన్ని అన్నాను. పిల్లలు నవ్వేవాళ్లు. మా ఆయన నవ్వేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు.

ఆయన పేరు జనార్దన్. ఆబిడ్స్‌లో ఒక ఆఫీసులో క్లర్కు. ముప్పై ఏళ్ల కాపురంలో నాతో మాట్లాడిన మాటలన్నీ మూట గడితే ఒక చిన్న సంచి కూడా నిండదు. కూరలో ఉప్పు తక్కువైతే తక్కువైందనడు, ఎక్కువైతే ఇంత మజ్జిగ పోసుకునేవాడు. రిటైరయ్యాక ఎండాకాలం పగలంతా ఈ గోడ దగ్గరే స్టూలేసుకుని కూర్చునేవాడు. మాట్లాడక్కర్లేని పని కాబట్టి ఆయనకు సరిగ్గా సరిపోయిందనుకునేదాన్ని. నేను బడి నుంచి, సెలవుల్లో ట్యూషన్ల నుంచి వచ్చేసరికి పని ముగించుకుని, ఎప్పటిలాగే మౌనంగా టీ తాగుతుండేవాడు.

ఆయన పోయాక నేను బడి మానేశాను. ఆ మధ్యాహ్నం స్టూలు మీద నేను కూర్చున్నాను. ఎవరో గోడను గులకరాయితో కొట్టారు. చెంబు ముంచి పోశాను. గటగటా తాగిన చప్పుడు, తర్వాత ఒక మగ గొంతు.

"సారూ, షురూ చేసినవా! నేను వెంకటేశ్, ఆటో వెంకటేశ్. ఏమాయె, మేడం కోపం తగ్గిందా?"

నా చేతిలో చెంబు ఆగిపోయింది. ఏ మేడం?

"పోయినేడు గుత్తొంకాయ, గుత్తొంకాయ అని మస్తు ఊరించినవ్ సారూ. గట్ల ఎవ్వలు వండలేరంటివి. మా ఇంటామెను చెయ్యమంటే, పోయి మీ సారు ఇంట్లనే తినుపో అన్నది."

నాకు తెలియకుండానే చెంబెడు నీళ్లూ ఒక్కసారి ఒంపేశాను. "అరె సారూ, అంగి!" అని నవ్వుకుంటూ అతను వెళ్లిపోయాడు.

నేను వండిన ఆ వంకాయ కూర తిన్న ప్రతిసారీ మా ఆయన నాతో అన్న మాట "ఊఁ". ఆ "ఊఁ"కు అర్థం తెలియడానికి నాకు ఒక ఆటోవాలా కావాల్సి వచ్చింది.

వారం తిరగకముందే సంగతి అర్థమైంది. మా ఆయన ఇంట్లో మౌనస్వామి, గోడ దగ్గర హరిదాసు. రైలు దిగి పరీక్షకు వచ్చిన పిల్లలకు ధైర్యం చెప్పాడట. చిత్తుకాగితాలు ఏరుకునే ఆమెకు, ఏ దవాఖానకు పోతే కళ్లు బాగా చూస్తారో చెప్పి పంపాడట. అందరూ రావడం, "సారూ, మంచిగున్నవా" అనడం, నిరుటి ముచ్చట ఎక్కడ ఆగిందో అక్కడ అందుకోవడం. వీళ్లంతా ఎండాకాలం మనుషులు. తూము మూసేశాక ఆ సందులోకి వచ్చే పనే ఉండదు. మా వీధి గుమ్మం అటు వైపు ఆబిడ్స్ దిక్కుకు. చలికాలంలో ఆ గుమ్మం లోంచి ఏం బయటికి వెళ్లిందో గోడ వెనకవాళ్లకు తెలియలేదు.

నేను చెప్పలేదు. చెప్పాల్సిన చోటల్లా చెప్పి చెప్పి నాలుక ఎండిపోయి ఉంది. బ్యాంకులో చెప్పాను, సుల్తాన్ బజార్‌లో ఆయన అంగీలు కుట్టే దర్జీకి చెప్పాను, పాలవాడికి చెప్పాను. ఎక్కడికి పోయినా ఆయన చచ్చిపోయే ఉన్నాడు. ఈ గోడ అవతల ఒక్కచోటే బతికున్నాడు. నేను నోరు తెరిస్తే అక్కడ కూడా పోతాడు. నాకు ఆయన ఇంకొన్ని రోజులు కావాలి. అందుకే నోరు మూసుకుని నీళ్లు పోశాను.

ఎండలు ముదిరాక కిష్టవ్వ వచ్చింది. నల్లగొండ దిక్కు ఊరు. కొడుకు రాజమల్లు తాటిచెట్టు ఎక్కి గెలలు దింపితే, ఈమె పట్నం వచ్చి స్టేషను రోడ్డు మీద ముంజలు అమ్ముతుంది. మధ్యాహ్నం సద్ది తినడానికి మా గోడ నీడకు చేరుతుంది. ఇవన్నీ ఆమె నోటి నుంచే విన్నాను. ఆమెకు అవతలి మనిషి జవాబు చెప్పకపోయినా ఫరక్ పడదు.

"సారూ, నేను కిష్టవ్వను. సప్పుడు చేస్తలేవేంది? గొంతు ఇంక బాగ కాలేదా? పోయినేడే మస్తు దగ్గుతుంటివి."

ఏం చెయ్యాలో తోచక తొట్టి మీద గులకరాయితో ఒకసారి కొట్టాను.

"అయ్యో పాపం. సరే, నువ్వు మాట్లాడకు. ఔ అంటే ఒక్కసారి కొట్టు, కాదంటే రెండుసార్లు కొట్టు. నీ బదులు నేనే చెప్త. కని సారూ, గా పిల్ల ముచ్చట సగంల ఆపినవ్ చూడు, ఊర్ల ఉన్నన్ని దినాలు గదే ఫికర్ నాకు!"

ఏ పిల్ల?

"సదువుకునే పిల్ల, ఎండల పడి దినాం నీళ్లకొచ్చేది. నువ్వప్పుడు పడుచు పోరనివి. తూముల నుంచి చేతులే కనవడుతుండె అంటివి. గా చేతులు చూసుకుంటనే మనసు వడ్డవంటివి. ఔనా?"

గులకరాయి నా చేతిలోనే ఉండిపోయింది.

నేను పెళ్లికి ముందు ఆ సందులో అడుగు పెట్టలేదు. చిక్కడపల్లి పిల్లను. ఈ గోడను మొదటిసారి చూసింది ఇంటి కోడలిగా, అదీ లోపలి వైపు నుంచి. మరి ఆ చేతులు ఎవరివి? ఉప్పు తక్కువైందని కూడా చెప్పని మనిషి, ముప్పై ఏళ్లు గుండెలో ఎవరినో పెట్టుకుని నా పక్కన టీ తాగాడా? ఆ మౌనం మంచితనం అనుకున్నానే, నా బుద్ధికి ఏం పుట్టింది!

ఆ సాయంత్రం ఆయన ఫోటో ముందు దీపం పెట్టలేదు.

"మమ్మీ, దీపం?" అంది రశ్మి.

"నూనె అయిపోయింది."

"డబ్బా నిండుగున్నది కదా."

"అయితే నువ్వు పెట్టు."

కోపం కోపమే, ఆత్రం ఆత్రమే. మర్నాడు ఎప్పటికంటే ముందే పోయి స్టూలు మీద కూర్చున్నాను. వెంకటేశ్ వచ్చి మేడం బాగుందా అని అడిగితే రెండు దెబ్బలు కొట్టాను. వాడికి ఆ భాష తెలియదు కాబట్టి నీళ్లు తాగి పోయాడు.

కిష్టవ్వ రోజుకింత చెప్పింది. ముంజల బేరం బాగుంటే తక్కువ, బాగాలేకపోతే ఎక్కువ. ఆ పిల్ల ఎండలో కూడా గొడుగు తెరవదట, కర్రలా చేతిలో పట్టుకుని నడుస్తుందట. నాకూ అదే అలవాటు, అయినా విని ఊరుకున్నాను. లోకంలో అలాంటివాళ్లు లేకపోరు. ఆ పిల్ల ఎడమ చేతి బొటనవేలి మీద కాలిన మచ్చ ఉందట. నా బొటనవేలు చూసుకున్నాను. చిన్నప్పుడు అమ్మ బొగ్గుల సిగిడీ మీద చెయ్యి పెట్టిన గుర్తు అలాగే ఉంది. మచ్చలు ఎవరికైనా ఉంటాయి, అనుకున్నాను. కానీ ఒళ్లంతా చెవులైపోయింది.

"ఇగ ఒక దినం నువ్వు రంజన్లు నింపనీకి లోపలికి పోయినవ్. ఆలస్యమాయె. ఆ పిల్ల గోడను కొట్టి కొట్టి యాష్టకొచ్చి ఏమన్నదంటివి? 'ఓ లోపలాయనా, నీకు చెవులున్నయా, కిరాయికిచ్చినవా?' అన్నదంట! నేను నవ్వి నవ్వి సచ్చిన సారూ."

చెంబు జారి బండ మీద పడింది.

"ఏమాయె సారూ? పదిలం."

ఆ పిల్ల నేనే. నేను ఎన్నడూ నడవని సందులో, నేను ఎన్నడూ తాగని నీళ్ల దగ్గర, ఆయన నన్ను తెచ్చి నిలబెట్టాడు. మా పెళ్లి మధ్యవర్తి కుదిర్చింది. పెళ్లిచూపుల్లో ఆయన నన్ను చూశాడో, పళ్లెంలో కారప్పూసను చూశాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఒకరి ఇష్టం ఒకరం అడగలేదు. పెద్దవాళ్లు అడగనివ్వలేదని కాదు, అడగాలని మాకు తోచలేదు. తర్వాత ఎప్పుడు తోచిందో గానీ, ఆయనకు తోచింది. మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టుకున్నాడు, నాకు చెప్పకుండా. ముంజలమ్మే కిష్టవ్వకు చెబుతూ.

ఆ రోజు తొట్టి పక్కన కూర్చుని నవ్వాను, ఏడ్చాను. ఆయన మీద కోపం పోయి అంతకంటే కష్టమైంది పట్టుకుంది. ఆయన కావాలనిపించింది. నాతో టీ తాగినాయన కాదు, ఆయన్ని నేను ఎరుగుదును. ఈ మాటలు చెప్పినాయన, నేను ఒక్కసారి కూడా కలవని ఆయన. పిలిస్తే పెరట్లోంచి లేచి వచ్చే దూరంలో ఎన్నో ఎండాకాలాలు కూర్చున్నాడు కదా! నేను ఒక్క మధ్యాహ్నం సెలవు పెట్టి ఇటు వచ్చి ఉంటే!

మృగశిర దగ్గర పడింది. కిష్టవ్వ ముంజలు ముదిరిపోయాయి. ఒకనాడు నీళ్లు తాగి, పోకుండా కూర్చుండిపోయింది.

"సారూ, వచ్చే ఏడు నేను రాను. రాజమల్లుకు నడుము పట్టేసింది, ఇగ చెట్టెక్కుడు బందు. మిరుగం నాడు చేపమందు జనంల ఉన్నకాడికి అమ్ముకొని పోత. ఆలోపు నువ్వు గది చెప్పాలె."

గోడకు చెవి ఆనించాను.

"పరీక్షలు అయిపోయినయి. ఇగ ఆ పిల్ల గీ తొవ్వల రాదు. ఆఖరు దినం నీళ్లు తాగుతుంటే, నువ్వు లోపలి నుంచి అడిగినవ్. 'నేనంటే నీకు ఇష్టమేనా' అని. ఆ పిల్ల దోసిలి పట్టింది పట్టినట్టే ఉన్నది, నీళ్లు కారిపోతున్నయి. గాడ ఆపినవ్! ఏమన్నది సారూ అని ఎంత అడిగినా, 'నాకూ తెల్వదు కిష్టవ్వా, వచ్చే ఏడు చెప్త' అంటివి. నీకు తెల్వకుంటే ఎవలకు తెలుస్తది? ఇంతకు ఇష్టమన్నదా? ఔ అంటే కొట్టు."

కొట్టలేకపోయాను. ఆమె "సరే, గొంతు బాగైనంకనే చెప్పు" అని బుట్ట ఎత్తుకుంది.

నాకూ తెల్వదు, అన్నాడట. ముప్పై ఏళ్లు వండి పెట్టాను, జ్వరం వస్తే రాత్రిళ్లు కూర్చున్నాను, పిల్లను కన్నాను. అయినా తెలియదు. ఎలా తెలుస్తుంది? నేను చెప్పలేదు కదా. ఆయన మౌనాన్ని తిట్టుకున్నానే గాని, నేను మాట్లాడిందంతా ఏమిటి? గ్యాసు అయిపోయింది, కరెంటు బిల్లు కట్టు, చెవులున్నయా. ఇంతే.

మిరుగం నాడు నాంపల్లి నాంపల్లిలా ఉండదు. ఎగ్జిబిషన్ గ్రౌండులో చేపమందు కోసం ఎక్కడెక్కడి ఉబ్బసం మనుషులో వస్తారు. పొద్దుటి నుంచీ మా సందు పిల్లికూతల గొంతులతో నిండిపోయింది. రశ్మి ఆఫీసుకు సెలవు పెట్టి రంజన్లు నింపింది. నేను పోస్తూనే ఉన్నాను. ముడతల చేతులు, గోరింటాకు చేతులు, తల్లి దోసిట్లో పసిపిల్ల చేతులు వచ్చి పోయాయి. వెంకటేశ్ కూడా వచ్చి, "సారూ, ఇయ్యాల కిరాయిలు మస్తు" అని అరిచి, తాగకుండానే పరుగెత్తాడు.

పొద్దు వాలేసరికి మబ్బు పట్టింది. జనం పల్చబడ్డారు. రశ్మి ఒళ్లు నొప్పులని లోపలికి పోయి పడుకుంది. నేను తూములో కుక్కడానికి గుడ్డ తడిపి పెట్టుకున్నాను. అప్పుడు గోడ మీద దెబ్బ పడింది.

"సారూ, పోతున్న. బస్సుకు ఆలస్యమైతది. గిప్పుడన్న చెప్తవా?"

ఒక్కసారి కొడితే చాలు. కిష్టవ్వ సంతోషంగా ఊరికి పోతుంది. ఆమె బతికున్నన్నాళ్లూ ఆమె ఊర్లో మా ఆయన కూడా బతికే ఉంటాడు, గొంతు బాగాలేని సారుగా. గులకరాయి తీసుకున్నాను. కానీ ఆ దెబ్బ ఆయన కొట్టినట్టు అవుతుంది. తనకు తెలియదని ఆయనే చెప్పాడు. తెలిసింది నాకు. ఆయన చేత నేను ఎలా చెప్పిస్తాను?

రాయి కింద పెట్టాను.

"ఇష్టమే అన్నది, కిష్టవ్వా."

ఉగాది నుంచీ ఆ గోడకు నేను చెప్పిన మొదటి మాట అది. గొంతు బొంగురుగా వచ్చింది. అయినా ఆడ గొంతు దాగదు.

తొట్టి మీద రెండు వాన చుక్కలు పడ్డాయి.

"ఎవలు? అమ్మా, గా పిల్లవు నువ్వా?"

"ఔ. ఆయన చలికాలంలో పోయిండు."

ఆమె "అయ్యో" అనలేదు. బుట్ట కింద పెట్టిన చప్పుడు విన్నాను. "మరి ఆ మాట సారుకు చెప్పినవా?" అంది.

"లేదు. ఆయన నన్ను అడగలేదు."

"ఎందుకడగలేదమ్మా? దినాం అడిగిండు. నువ్వు లేని దిక్కు తిరిగి అడిగిండు."

చెంబు ముంచాను. ఆమె దోసిలి పట్టింది. తూములోంచి ఆ చేతులు కనిపించాయి, ముంజల జిగురుతో నల్లబడ్డ చేతులు. పోశాను. మెల్లగా తాగి, మొహం కడుక్కుంది.

"ఉంట బిడ్డా. పైలం," అని బుట్ట ఎత్తుకుని పోయింది. ఆమె చెప్పుల చప్పుడు వానలో కలిసిపోయే దాకా విన్నాను.

తర్వాత తూములో గుడ్డ కుక్కాను. సందు మూసుకుంది. ఆటోల మోత ఆగింది. ఆయన అటు తిరిగి అడిగాడు. నేను గోడకు వీపు ఆనించి, ఇంటి వైపు తిరిగి నిలబడ్డాను. ఖాళీ పెరడు, తడుస్తున్న స్టూలు, అవతల వంటింటి తలుపు. గొంతు పెంచి, అందరికీ వినపడేంత గట్టిగా చెప్పాను.

"ఇష్టమే!"

లోపలి గదిలో మంచం కిర్రుమంది. రశ్మి నిద్ర గొంతుతో, "మమ్మీ, నన్ను పిలిచినవా?" అంది.

"కాదు బిడ్డా," అన్నాను. "నిన్ను కాదు."